రెండో సాక్షి

పోయిన వారం సంయుక్తను కాచిగూడలో, హాఫిజ్ బర్హానుద్దీన్ గారి గుమ్మం ముందు, తలుపు తట్టాలా వద్దా అన్న సందేహంలో నిలబెట్టి వచ్చాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపే ముందు, కథలో మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

చిక్కడపల్లిలో ఒక పాత మేడ మీద 'సర్వమత కోశం' కార్యాలయం ఉంది. లోకంలోని మతాలన్నింటి గురించీ అకారాది క్రమంలో తెలుగులో చెప్పేద్దామని పద్దెనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టి, ఈ 1994 జనవరికి 'ఖ' దాకా వచ్చారు. నవ్వకండి, ఒక్క 'అ' కే ఆరేళ్ళు పట్టింది. ప్రధాన సంపాదకులు విద్యాసాగర్ గారు పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి వ్యాసం కిందా రెండు సంతకాలు ఉండాలి. ఒకటి ఆ విషయం బాగా తెలిసినవారిది, ఒకటి బొత్తిగా తెలియనివారిది. తెలిసినవాడు తప్పు పట్టుకుంటాడు, తెలియనివాడు అర్థం కాని చోటు పట్టుకుంటాడు. పద్దెనిమిదేళ్ళలో ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

అశోక్‌నగర్ అమ్మాయి సంయుక్త అక్కడ సహాయ సంపాదకురాలు. నాలుగేళ్ళు ఇతరుల వ్యాసాలు దిద్దీ దిద్దీ, మొదటిసారి తన పేరుతో ఒక వ్యాసం రాసింది. దాని పేరు 'ఖురాన్ సంకలనం'. తెలియనివారి సంతకం విద్యాసాగర్ గారే పెట్టేశారు. తెలిసినవారి సంతకం హాఫిజ్ గారిది కావాలి. గురువారం సాయంత్రం ఐదింటికి నారాయణగూడ నుంచి ప్రెస్సు మనిషి వచ్చి కాగితాలు పట్టుకుపోతాడు. అప్పటికి రెండో సంతకం పడకపోతే ఆ పేజీలో 'ఖురాన్ – చూడుము: ఇస్లాం' అని ఒక్క వరుస వేస్తారు. 'ఇస్లాం' ఉన్న మొదటి సంపుటం ఎప్పుడో అచ్చయిపోయింది. అందులో ఖురాన్‌ను ఎవరు, ఎప్పుడు, ఎలా కూర్చారన్నది ఒక్క ముక్క లేదు. చూడమన్న చోట చూడటానికి ఏమీ ఉండదన్నమాట. ఎనిమిది నెలల చదువు ఆ ఒక్క వరుస కిందపడి పోతుంది.

ఇవాళే గురువారం. మధ్యాహ్నం రెండున్నర. ఇక తలుపు తట్టిద్దాం.

తలుపు తెరిచే ఉంది. లోపల చాప మీద హాఫిజ్ గారు కళ్ళు మూసుకుని కూర్చుని ఖురాన్ చదువుతున్నారు. చదువుతున్నారంటే పుస్తకం చూసి కాదు, నోటికి. పుస్తకం ఎదురుగా కూర్చున్న నడివయసు దర్జీ చేతిలో ఉంది. హాఫిజ్ అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడు. ఈ దర్జీ కూడా హాఫిజే, ఈయన శిష్యుడు. రంజాన్ నెలలో మసీదులో రోజూ నిలబడి నోటికి చదవాలి కనుక, దానికి ముందు నెలంతా మధ్యాహ్నాలు ఇలా ఒకరు చదివితే ఒకరు పట్టి చూస్తారు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, నలభై ఒక్క రంజాన్లు చదివిన మనిషి, ఇంకా పాఠం అప్పజెప్పుతున్నాడు. సంయుక్త చప్పుడు చేయకుండా గోడ పక్కన కూర్చుంది.

ఒకచోట దర్జీ మెల్లగా రెండు మాటలు అందించాడు. హాఫిజ్ గారు ఠక్కున ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ రెండు మాటలు కలుపుకుని ముందుకు సాగారు. ముఖంలో నొచ్చుకోవడం లేదు, సంజాయిషీ లేదు. కాసేపటికి మళ్ళీ అలాగే జరిగింది.

సంయుక్తకు వెంటనే తమ ఆఫీసు గుర్తొచ్చింది. ప్రూఫ్‌రీడర్ బాలత్రిపురసుందరి గారు ఇలాగే కూర్చుంటారు. ఆవిడ ఒక ప్రతిని గట్టిగా చదువుతుంటే, ఎదుటి మనిషి రెండో ప్రతి మీద వేలు పెట్టి కూర్చోవాలి. కామా పోయినా సరే, వేలు ఆగాలి.

పాఠం ముగిశాక హాఫిజ్ గారు కళ్ళు తెరిచి నవ్వారు.

"ఎంతసేపయింది బేటా వచ్చి? ఇయ్యాల ఈయన నాకు మూడు లుఖ్మాలు తినిపిచ్చిండు. రెండు నా మతిమరుపు. ఒకటి నేనే కావాలని వదిలిన. మనిషి వింటున్నడా, కునుకు తీస్తున్నడా చూడాలె గద."

లుఖ్మా అంటే అన్నం ముద్ద. చదివేవాడు వరుస తప్పినప్పుడు వినేవాడు అందించే మాటకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. దర్జీ సిగ్గుపడుతూ గురువుకు సలాం చెప్పి, కొట్టు తెరవాలని వెళ్ళిపోయాడు.

హాఫిజ్ గారు సంయుక్త తెచ్చిన గ్యాలీ ప్రూఫ్, అంటే ఆమె వ్యాసం అచ్చు నమూనా, అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదవసాగారు. ఆయన జనగామ వైపు మనిషి. ముప్పై ఏళ్ళు కాలేజీలో అరబ్బీ చెప్పారు. తెలుగు మనకంటే నిదానంగా, మనకంటే శ్రద్ధగా చదువుతారు. సంయుక్త ఆయన ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

"మంచిగ కుదిరింది," అన్నారు చివరికి. "యమామా యుద్ధంల హాఫిజులు మస్తుమంది చనిపోవుడు. ఇగ నోటిల ఉన్నది పోతదేమో అని ప్రవక్త తర్వాత మొదటి ఖలీఫా అబూబకర్ గారు పరేషాన్ అయ్యి, ప్రవక్త దగ్గర రాత రాసిన జైద్ బిన్ సాబిత్‌ను పిలిచి కూర్చమనుడు. ఖర్జూర మట్టలు, తెల్ల రాళ్ళు, మనుషుల గుండెలు, అన్నిట్లకెల్లి జైద్ ఏరుకొచ్చుడు. రాతల ఉన్నదానికి ఇద్దరు సాక్షులు కావాలనుడు. తర్వాత మూడో ఖలీఫా ఉస్మాన్ గారి కాలంల ప్రతులు రాయించి పట్నాలకు పంపుడు. అచ్చం మా అమ్మమ్మ చెప్పినట్లే ఉన్నది."

"చాలా సంతోషం సాబ్."

"తారీఫ్ కాదమ్మా అది."

సంయుక్త చేతిలోని పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

"నేనిచ్చిన యూరప్ పండితుడి వ్యాసం జిరాక్స్ ఏమైంది? పెన్సిల్ గీత పెట్టి మరీ ఇచ్చిన. యమామాల చనిపోయినోళ్ళ పేర్లు మా పాత కితాబులల్లనే ఉన్నయ్. అండ్ల ఖురాన్ నోటికొస్తదని పేరున్నోళ్ళు ఎందరు? వేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు. మరి హాఫిజులు పోయిన్రు గనుక కూర్చిన్రు అన్న మాట ఎట్ల నిలబడ్తదని ఆ యూరప్ పండితుడు అడిగిండు. సర్కారు కూర్పించిన ప్రతి అయితే అది రెండో ఖలీఫా ఉమర్ గారి బిడ్డ హఫ్సా ఇంట్ల ఎందుకుండె అని గూడ అడిగిండు. అదంత ఏది? నేను గీత పెట్టిన పేజీయే నువ్వు ఎగరగొట్టినవ్."

"రాసిన సాబ్. మూడు పేరాలు రాసి తీసేసిన."

"ఎందుకు?"

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. అది మనం మొదటి భాగం నుంచీ చూస్తున్నాం. "మీకు కష్టమనిపిస్తదని. సాగర్ సార్ గూడ అన్నరు, కర్ఫ్యూలు పోయి ఏడాదే అయింది, ఇప్పుడెందుకమ్మా అని."

హాఫిజ్ గారు కళ్ళజోడు తీసి చాప మీద పెట్టారు. ఆయనకు కోపం రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

"నా మీద దయ తలిచినవా? నా ఈమాన్, నా విశ్వాసం, అంత పల్చగున్నదనుకున్నవా, మూడు పేరాలకు చిరిగిపోతదని?"

సంయుక్త తల వంచుకుంది. ఆయన లేచి గూటిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు తెరిచారు. పేజీల నిండా పేర్లు, నిలువు వరుసల్లో. కొన్నింటి పక్కన ఆకుపచ్చ సిరాతో చుక్క ఉంది.

"పందొమ్మిదేండ్ల సంది లెక్క పెడుతున్న. యమామాల పోయినోళ్ళ జాబితాలు మూడు పోల్చిన. చుక్క ఉన్నోడు ఖురాన్ వచ్చినోడు. ఎన్ని చుక్కలున్నయో నువ్వే చూడు."

చుక్కలు చాలా తక్కువగా ఉన్నాయి.

"ఆ సవాల్ వాళ్ళది కాదమ్మా, నాది. నా దగ్గర పెరిగింది. పేరు లేనోళ్ళల్ల ఎందరు హాఫిజులున్నరో ఎవరికి తెలుసు, అదొక జవాబు. అది నాకే సాలదు. పూరా జవాబ్ ఇంకా దొరకలే. దొరకలేదని నేను నమాజు మానుకున్ననా? రంజాన్ల నిలబడి చదువుతలేనా?"

ఆయన గొంతు మెత్తబడింది. తర్వాత ఆయన చెప్పినదంతా ఈ వారం పేజీలకు పట్టదు. ఇంగ్లండులో ఒకే ఏడాది రెండు పుస్తకాలు వచ్చాయట. ఖురాన్‌కు ఈ రూపం వచ్చింది ప్రవక్త పోయిన రెండు వందల ఏళ్ళ తర్వాతేనని ఒకరు, కాదు ప్రవక్త బతికుండగా ఆయనే స్వయంగా కూర్చారని ఇంకొకరు. అవే పాత కథనాలను ఇద్దరూ నమ్మలేదు, చేరింది మాత్రం చెరొక దిక్కుకు. యెమెన్‌లో ఒక పెద్ద మసీదు కప్పు మరమ్మతు చేస్తుంటే పాత తోలు కాగితాల మూటలు బయటపడ్డాయట. కొన్నింటి మీద పాత రాత చెరిపి మళ్ళీ రాసిన జాడ ఉందట. ఈ సంగతులు చెబుతుంటే ఆ ముసలాయన కళ్ళు మెరిసిపోయాయి. తన మతం పునాదుల్లో ఎవరెవరో తవ్వుతున్నారని కాదు, తను ప్రేమించిన గ్రంథాన్ని అంత దూరాల మనుషులు అంత శ్రద్ధగా చదువుతున్నారని ఆయన సంబరం. ఇలాంటి మనిషిని ఎదురుగా చూడటం ఒక అదృష్టమని సంయుక్తకు అనిపించింది. నాకూ అనిపిస్తుంది.

"అడిగినోడు దుష్మన్ కాదు బేటా. లుఖ్మా ఇచ్చినోడు," అన్నారాయన. "ఒక్కోసారి తప్పు లుఖ్మా గూడ ఇస్తరు. అప్పుడు తీసుకోం. రెండు వందల ఏండ్లన్న మాట నేను తీసుకోలే. జెరూసలేంల గుమ్మటం లోపల హిజ్రీ డెబ్బై రెండుల, ప్రవక్త పోయిన అరవై ఏండ్లకే, రాసిన ఖురాన్ ఆయత్‌లు ఇంకా కనిపిస్తున్నయ్ గద. గని తీసుకునుడు, తీసుకోకపోవుడు తర్వాత. ముందు ఆగి వినాలె. నువ్వు నన్ను విననీయలే."

"తప్పయింది సాబ్."

"తప్పయితే దిద్దు. కాగితం తియ్యి."

ఆమె చిత్తుప్రతి రాసింది. తీసేసిన మూడు పేరాలు వెనక్కి వచ్చాయి. వాటి వెంట, ఆయన చెబుతుంటే రాసుకున్న నాలుగోది కూడా వచ్చింది. అహ్జాబ్ అధ్యాయంలోని ఒక ఆయత్, అంటే ఒక వాక్యం, ఎందరికో నోటికి తెలిసినా, రాతలో ఒక్క ఖుజైమా అనే ఆయన దగ్గరే దొరికిందని, రెండో సాక్షి లేడని, అయినా ఖుజైమా మాటను ఇద్దరి సాక్ష్యంగా ఎంచాలని ప్రవక్త అంతకుముందే చెప్పి ఉన్నారు గనుక జైద్ దాన్ని తీసుకున్నాడని సంప్రదాయ కథనం. అంతా అయ్యాక ఆమె శుభ్రప్రతి రాసింది. హాఫిజ్ గారు దాన్ని రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టి, సంతకం కింద ఉర్దూలో చిన్న అక్షరాలతో ఏదో గీశారు. తేదీ కాబోలు అనుకుంది సంయుక్త.

"సాగర్ సాబ్ చేతికే ఇయ్యి," అన్నారు గుమ్మం దాకా వచ్చి. "ఇద్దరం ఒక్క బడిలనే చదివినం, ఉర్దూ మీడియం. ఆయన లెక్కలల్ల ఫస్ట్."

గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

ఆటో నారాయణగూడ చౌరస్తాలో ఇరుక్కుపోయింది. సంయుక్త దిగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని చిక్కడపల్లి దాకా దాదాపు పరుగెత్తింది. మేడ మెట్లెక్కేసరికి నాలుగున్నర దాటింది. విద్యాసాగర్ గారు బల్ల దగ్గర, బాలత్రిపురసుందరి గారు కిటికీ దగ్గర ఉన్నారు. ఆయాసంలో సంయుక్త చేతికి ముందు దొరికిన కాగితాలు ఆయన ముందు పెట్టేసింది. అవి పాత గ్యాలీ, చిత్తుప్రతి.

ఆయన చిత్తుప్రతి మొదటి పేరా చదివి రెండో దాని మీద ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది? నేను సంతకం పెట్టిన వ్యాసం ఇది కాదు గద."

"హాఫిజ్ సాబ్ పెట్టమన్నరు సార్. ఆయన చెప్పంగనే రాసిన."

"ఆయన పెద్దమనిషి, అంటడు. రేపు ఎవడో ఈ మూడు పేరాలు చింపుకపోయి గోడకు అంటిస్తడు. పైది చదవడు, కిందిది చదవడు. అప్పుడు కాచిగూడల ఆ ముసలాయన ఇంటి తలుపు కొట్టేది ఎవరు? వాళ్ళోళ్ళు కొట్టొచ్చు, మనోళ్ళు కొట్టొచ్చు." ఏడాది కిందటి డిసెంబరు అల్లర్లలో ఆయన చూసినవి ఆయన మరిచిపోలేదు. "అయినా మన పుస్తకం చదివేదెవరు? అశోక్‌నగర్ లైబ్రరీ మెట్ల మీద కూసునే పరీక్షల పిల్లలు. వాళ్ళకు ఒక్క సంవత్సరం అంకె కావాలె, అంతే. నువ్వు నాలుగు ప్రశ్నలు ఇస్తున్నవ్."

"సార్, ఒక మాట అడుగుత, కోపం చేయకున్రి. మొన్న సంతకం పెట్టినప్పుడు వ్యాసమంతా చదివిన్రా?"

విద్యాసాగర్ గారు చదవలేదు. మూడు పేరాలు పోయాయని చూసుకుని, ఆ నిశ్చింతలో సంతకం పెట్టేశారాయన. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సమాధానానికి బదులు ఆయన పాత గ్యాలీ అందుకుని, కింద ఉన్న తన సంతకం మీద అడ్డంగా ఒక గీత కొట్టారు.

"ఇగ ఒక్క సంతకమే మిగిలింది," అన్నారు.

"ఒక్కరి సాక్ష్యమే ఇద్దరిదిగా ఎంచిన్రు సార్, ఖుజైమాది. అందులోనే రాసిన."

"ఎంచనీకె వాళ్ళకు ప్రవక్త ఉండె. ఈ ఆఫీసుల ఎవరున్నరమ్మా?"

ఎనిమిది నెలలు. ఆయన చెడ్డవాడైతే పోట్లాడేది. భయపడుతున్న మంచివాడితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

అప్పుడు కిటికీ దగ్గర కుర్చీ కదిలింది. బాలత్రిపురసుందరి గారు మడి కట్టుకునే ఇల్లాలు. పద్దెనిమిదేళ్ళుగా అచ్చుతప్పుల గురించి తప్ప ఈ ఆఫీసులో ఆవిడ అభిప్రాయం చెప్పి ఎరగరు.

"సంతకాల లొల్లి మీరు చూసుకోండి," అన్నారావిడ. "అచ్చుకు పోతదో పోదో గని, రాతప్రతి టేబుల్ మీదికొచ్చినంక నా చెవిల పడాల్సిందే. శుభ్రప్రతి ఏది పిల్లా?"

సంయుక్త సంచిలోంచి తీసి ఇచ్చింది.

"చిత్తుప్రతి పట్టేది ఎవరు? రాసినామె పట్టొద్దు. రాసినామెకు కాగితంల ఉన్నది కనిపించదు, మనసుల ఉన్నది కనిపిస్తది. సార్, మీరే పట్టాలె."

ఆఫీసు కొత్తలో, ఇంకా జీతగాళ్ళు లేనప్పుడు, ఆవిడకు ఎదురు కూర్చుని ప్రతి పట్టింది విద్యాసాగర్ గారే. కుర్చీ జరుపుకుని, చిత్తుప్రతి మొదటి వరుస మీద వేలు పెట్టారు.

ఆవిడ చదవసాగారు. పూజ గదిలో ఎలా చదువుతారో ఇక్కడా అదే గొంతు. కామా అంటే కామా, పూర్ణవిరామం అంటే పూర్ణవిరామం, అన్నీ పైకి చెబుతూ చదివారు. మొదటి పేరా అయింది. రెండో పేరాలో యమామా వచ్చింది. విద్యాసాగర్ గారి వేలు వరుస వెంట కదులుతోంది. "పాత గ్రంథాల్లోనే అమరుల జాబితాలు ఉన్నాయి, పూర్ణవిరామం," అని, ఆవిడ ఊపిరి తీసుకుని, "ఆ ప్రతి హఫ్సా వద్ద ఎందుకు ఉండిపోయింది, ప్రశ్న గుర్తు," అన్నారు.

వేలు ఆగింది.

"'ఆ జాబితాల్లో ఖురాన్ కంఠస్థమైనవారిగా పేరున్నవారు కొద్దిమందే, అలాంటప్పుడు వారి మరణమే సంకలనానికి కారణమన్న కథనాన్ని ఎలా నమ్మాలి?'" అన్నారు విద్యాసాగర్ గారు గట్టిగా. "ఆ వాక్యం వదిలిపెట్టిన్రు మీరు."

ఏ వాక్యానికి భయపడి ఆయన తన సంతకం కొట్టేసుకున్నారో, ఆ వాక్యాన్ని ఆయన నోటితోనే అందించారు. వదిలిపోయిన మాటను వదిలేయడం ఆ వేలుకు చేతకాలేదు. ఆవిడ కావాలనే వదిలారో, కన్ను జారిందో, నేను ఎంత అడిగినా ఇప్పటికీ చెప్పరు. సంయుక్తకు మాత్రం ఎదురుగా కాచిగూడ చాప కనిపించింది, ఈసారి దర్జీ స్థానంలో తమ సంపాదకులు ఉన్నారు. ఇంతసేపూ ఆపుకున్న కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి.

"ఉండాలనే గద సార్ అందించిన్రు," అన్నారు బాలత్రిపురసుందరి గారు, చాలా మామూలుగా. ఆ వాక్యం కలిపి మళ్ళీ చదివి, మిగతాదంతా ముగించారు. రెండు ప్రతులకూ అక్షరం తేడా లేదు. శుభ్రప్రతి ఆయన ముందుకు జరిపారు.

విద్యాసాగర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత జేబులోంచి కలం తీసి, మూత విప్పి, హాఫిజ్ గారి సంతకం పక్కన చేయి ఆనించారు. ఆనించిన చేయి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ సంతకం కిందనున్న చిన్న అక్షరాలను చూస్తున్నారు.

"ఇది నువ్వు చదివినవా అమ్మా?"

"నాకు ఉర్దూ రాదు గద సార్. తేదీ కాదా?"

"తేదీ కాదు," అని ఆయన ఒక్కొక్క మాటే తెలుగు చేస్తూ చదివారు. "'సాగర్ భాయ్. ఇందులో ఒక తప్పు నేనే కావాలని పెట్టాను. అమ్మాయికి తెలియదు. నిజంగా చదివినవాడికి దొరుకుతుంది. దొరికితేనే సంతకం పెట్టు.'"

బాలత్రిపురసుందరి గారి చేయి కాగితాల మీద నుంచి వెనక్కి వెళ్ళింది. ప్రతికి ప్రతి పోల్చి చదివితే దొరికే తప్పు కాదది, ఆయన చెప్పి రాయించినప్పుడే పడింది, రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. గోడ గడియారం ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కింద సందులో ప్రెస్సు మనిషి సైకిలు స్టాండు వేసిన చప్పుడయింది.

విద్యాసాగర్ గారు కలానికి మూత పెట్టేశారు. చిత్తుప్రతి బోర్లించారు. ఎదుటి కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

"మొదటి నుంచి చదవండమ్మా," అన్నారు. "ఈసారి నేను వింట."